చేతివాసి మన్ను

కనకాంబరం మొక్క మొదట్లో ఎవరో మట్టి తీశారు.

పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చిన శ్రీకంఠం ఆ గుంట చూసి ఆగిపోయాడు. పెద్దదేమీ కాదు, గుప్పిట పట్టేంత. పందికొక్కు తవ్వితే మట్టి చుట్టూ చిమ్మి ఉండేది. కుక్క అయితే గోళ్ల గీతలు పడేవి. ఇది నాలుగు వేళ్లు కూడదీసి, వేరు తెగకుండా, మెల్లగా తీసిన గుంట. తీసినవాళ్లెవరో గానీ మొక్కకు నొప్పి కలగకూడదనుకున్నారు. దొంగతనానికి వచ్చినవాళ్లకు అంత దయ ఏమిటి?

ఎవరై ఉంటారా అని ఆలోచించడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ మట్టితో పని ఉన్న మనిషి ఒక్కతే. వంటింట్లో టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న కూతురు వైదేహి.

"మట్టి తీసుకున్నావా అమ్మా?" అని అడిగాడు గుమ్మంలో నిలబడి.

"ఏ మట్టి?"

"పెరట్లోది. అమ్మ కనకాంబరాల కింద."

"నాకు కావాలంటే నిన్ను అడిగి తీసుకుంటాను కదా నాన్నా," అంటూ వైదేహి డబ్బా మూత నొక్కి, బ్యాగు భుజాన వేసుకుని ల్యాబ్‌కి వెళ్లిపోయింది.

అడిగి తీసుకుంటానంది గానీ, తీసుకోలేదని అనలేదు. బతుకంతా కాలేజీలో జంతుశాస్త్రం చెబుతూ పిల్లల సాకులు విన్న చెవి అతనిది. ఆ తేడా చెవిలో ముల్లులా ఉండిపోయింది.

కనకాంబరాలు భార్య సుభద్రవి. హిందూపురం శివార్లలో ఆ ఇల్లు కట్టుకున్న కొత్తలో గోడ వారగా ఆమె నాటిన వరస. ఆమె పోయాక కూడా అవి పూయడం మానలేదు. ఆ ఒక్క దయనూ పట్టుకుని శ్రీకంఠం రోజులు నెట్టుకొస్తున్నాడు. పోయిన శీతాకాలం వాటికి వేరుపురుగు పట్టింది. పొద్దున పచ్చగా ఉన్న మొక్క సాయంత్రానికి తల వాల్చేది. పట్టుకుంటే చాలు, వేరన్నదే లేకుండా చేతికి వచ్చేసేది. కింద తెల్లగా, లావుగా, చుట్టుకుని పడుకున్న పురుగు.

మందు పోద్దామంటే గోడ అవతల అశ్వర్థప్ప, నంజమ్మల పట్టుపురుగుల షెడ్డు. గాలికి ఒక్క చుక్క వాళ్ల మల్బరీ ఆకు మీద పడిందంటే పంటంతా పోయినట్టే. సుభద్ర ఉన్నన్నాళ్లు ఆ పెరట్లో మందు సీసా మూత తీయలేదు. ఆమె పోయాక అతనూ తీయలేదు.

అప్పుడు వైదేహి ఊరి బయట తాను పనిచేసే ల్యాబ్ నుంచి ఒక సీసా తెచ్చింది. బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూస్తే ఆ నీళ్లలో వెంట్రుక ముక్కల్లాంటివేవో మెలికలు తిరుగుతున్నాయి.

"నులిపురుగులు," అంది.

"పిల్లల కడుపులో ఉండేవా?"

"వాటికి దూరపు చుట్టాలు. వీటికి మనుషులు అక్కర్లేదు, మొక్కలు అక్కర్లేదు. నేలలో పురుగును వెతుక్కుంటూ వెళ్లి దాని ఒంట్లో దూరతాయి. దూరి, తమతో తీసుకెళ్లిన సూక్ష్మజీవిని వదులుతాయి. అంతే, పురుగు పని సరి."

"ఇవి నేను పాఠంలో చెప్పినవే కదా. ఎప్పటినుంచో ఉన్నవే. మరి నువ్వు కనిపెట్టిందేమిటి?"

"మామూలువి గుడ్డిగా తిరుగుతాయి నాన్నా. ఎదురైందాన్ని పట్టుకుంటాయి. నావి చదువుకుంటాయి."

పెరట్లో వేరుపురుగులు నాలుగు ఏరి తెమ్మంది. శ్రీకంఠం గోడ మూల ఎరువు దిబ్బ కెలికితే బోలెడు దొరికాయి. కొబ్బరి చిప్పలో వేసి తెచ్చాడు. వాటిని వైదేహి పాత కల్వంలో నూరి, ఆ రసం సీసాలో పోసి, గుడ్డ కట్టి, చల్లగా ఉండే బిందెల గట్టు మీద పెట్టింది.

"రేపటికి ఈ వాసన పట్టేస్తాయి. ఆ తర్వాత ఈ వాసన ఎక్కడుంటే అక్కడికే వెళ్తాయి. వీటి పిల్లలకు మళ్లీ నేర్పక్కర్లేదు, పుట్టుకతోనే వచ్చేస్తుంది. ఏం, నీ స్టూడెంట్ల కంటే నయం కాదూ?"

"నా స్టూడెంట్లు వాసన పట్టేది క్యాంటీన్ దోసెలకే," అని నవ్వాడు శ్రీకంఠం.

"అన్నీ మన పెరట్లోవేనా ఈ పురుగులు?" అని అడిగింది వైదేహి.

"ఆఁ, మన పెరట్లోవే."

మర్నాడు సాయంత్రం తడి మట్టిలో ఆ నీళ్లు పోశారు. కొన్నాళ్లకు కనకాంబరాలు తేరుకున్నాయి. ఎండుపుల్లలనుకున్న వాటి కణుపుల్లో పచ్చటి చుక్కలు లేచాయి. ఒకరోజు శ్రీకంఠం మట్టి తిరగేస్తే చచ్చిన వేరుపురుగు కనిపించింది. ఇటుక రంగులోకి తిరిగి, మెత్తబడి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే కుళ్లు వాసన లేదు. చావులో కూడా కంపు లేకుండా చూసిన వాడెవడో గానీ వాడికి దండం పెట్టాలనిపించింది.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో ఈ గుంట.

గుంట కనిపించిన వారంలోపే అశ్వర్థప్ప గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. రోజూ అయితే "ఏం సార్, కాఫీ అయిందా?" అంటూ తిన్నగా అరుగు మీదికి వచ్చి కూర్చునే మనిషి. ఆరోజు గేటు దాటలేదు. అరచేతిలో ఒక మల్బరీ ఆకు, ఆకు మీద రెండు పట్టుపురుగులు.

"సార్, ఒక మాట అడుగుతా. మనసులో పెట్టుకోవద్దు. పెరట్లో ఏమన్నా మందు కొడితిరా?"

"లేదు అశ్వర్థప్పా. ఎప్పుడైనా కొట్టానా?"

"అదే నేనూ అనుకుంటి. అయితే ఇది చూడండి. పాలరోగమైతే ఒంట్లోనించి పాలు కారతాయి. సున్నపుకట్టయితే సుద్దముక్క మాదిరి బిగుసుకుంటాయి. మా నాయన కాలం నించి పురుగులు సాకుతాండాము సార్, ఈ రంగు చావు మాత్రం ఎప్పుడూ చూల్లేదు."

పట్టుపురుగులు రెండూ ఇటుక రంగులో ఉన్నాయి. శ్రీకంఠం వంగి వాసన చూశాడు. కుళ్లు వాసన లేదు. 

"ఎక్కడ మొదలైంది?"

"తలాపు అంకణంలో, అదే షెడ్డు మొదట్లో. ఇప్పుడు సగం పరుపు ఎర్రగా ఉంది. నాలుగో జ్వరం లేచి ఆకు మీద పడినవి సార్. ఇంక కొన్నాళ్లుంటే వెదురు చంద్రికె ఎక్కి గూడు కట్టాల్సినవి."

పట్టుపురుగు పొర విడిచే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే వాళ్లు జ్వరమంటారు. నాలుగు జ్వరాలు దాటిన పురుగంటే పెళ్లికెదిగిన బిడ్డ లెక్క. ఆ వయసులో పోవడం ఆ ఇంట్లో చావు కిందే లెక్క.

"నంజమ్మకి మా తమ్ముని పెండ్లాం దిష్టి తగిలిందని అనుమానం," అన్నాడు అశ్వర్థప్ప. ఆకు వంకే చూస్తూ, "నాకయితే... మీ పాప ల్యాబ్‌లో ఏందో పురుగుమందు తయారు చేస్తారంట కదా సార్?" అన్నాడు.

"అది మందు కాదు."

"మందు కాకపోతే ఏందది?"

శ్రీకంఠం నోట మాట ఆలస్యమైంది. "దాన్ని అడిగి చెబుతాను," అన్నాడు చివరికి. ఆ ఆలస్యం అశ్వర్థప్ప కంటపడిందని అతనికి తెలిసింది.

"చెప్పండి సార్. ఈ పంట ఎట్లాగూ పోయె. వచ్చే పంట కూడా ఇట్లే అయితే మల్బరీ పీకేసి బెంగుళూరు పోతా. అపార్ట్‌మెంటు గేటు కాడ టోపీ పెట్టుకొని వచ్చిన కారుకీ పోయిన కారుకీ సెల్యూట్ కొట్టేదే." నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆకు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం ల్యాబ్‌లో తండ్రీకూతుళ్లిద్దరే ఉన్నారు. వైదేహి పొడవాటి గాజు పళ్లెంలో పలచటి జిగురు పరిచింది. ఒక చివర వేరుపురుగును, మరో చివర పట్టుపురుగును జాలీ సంచుల్లో పెట్టి, నడుమ తన సీసా నీళ్లు ఒక చుక్క వేసింది. చుక్క కాసేపు అలాగే ఉండి, పాలపొగలా కదిలింది.

"ఇటే వస్తాయి చూడు," అని వేరుపురుగు వైపు వేలు పెట్టింది.

పొగ అటు సాగింది. సాగి, చీలింది. సగం వేరుపురుగు వైపు, సగం పట్టుపురుగు వైపు. వైదేహి వేలు అలాగే ఉండిపోయింది. పట్టుపురుగును తీసేసి క్యాబేజీ పురుగును పెట్టింది. దాని వైపు ఒక్కటీ వెళ్లలేదు. మల్లెమొగ్గ పురుగును పెట్టింది. దాన్నీ పట్టించుకోలేదు. మళ్లీ పట్టుపురుగు పెట్టగానే పొగ మళ్లీ చీలింది.

"రెండు పాఠాలు నేర్చుకున్నాయి," అంది. "ఒకటి నేను చెప్పింది. రెండోది ఇంకెవరో చెప్పారు." తలెత్తి తండ్రిని చూసింది. "నా సీసా ఒక రాత్రి నీ బిందెల గట్టు మీద ఉంది నాన్నా."

"నీ ల్యాబ్‌లో ఎన్ని రాత్రులుందో నాకు తెలీదు మరి."

"నేను పట్టుపురుగుల వాసన నేర్పుతానా? ఈ ఊళ్లో?"

"నేను నేర్పుతానా?"

 వైదేహి పళ్లెం మీద మూత పెట్టి నెమ్మదిగా అంది. "అదొక్కటే కాదు. ఇవి ఎండిన సిమెంటు మీద జానెడు కూడా పాకలేవు. గోడ ఎక్కలేవు. వాళ్ల గుమ్మంలో ఎప్పుడూ బ్లీచింగ్ నీళ్లుంటాయి, వాటిలో పడితే చస్తాయి. అంటే ఎవరో తడి మట్టిలో పెట్టి మోసుకెళ్లారు."

"ఆ గుంట," అన్నాడు శ్రీకంఠం.

"నేను కాదు."

ఈసారి సూటిగానే అంది. అయినా అతనికి సగమే నమ్మకం కలిగింది. నులిపురుగులు ఒంట్లో దూరినట్టు అనుమానం దూరింది. ఎక్కడ దూరిందో బయటికి గుర్తు కూడా ఉండదు.

"పెరడంతా ఎండగట్టేద్దాం," అంది వైదేహి ఇంటికి వచ్చాక. "మొక్కలు పీకి, మరిగే నీళ్లు పోసి, పైన ప్లాస్టిక్ పట్టా పరిస్తే ఎండకు చస్తాయి."

"అమ్మ మొక్కలన్నీనా?"

ఆమె కిటికీలోంచి ఆ వరస వైపు చూసింది.

"మోసుకెళ్లేవాళ్లెవరో దొరికితే చాలు కదా. అవి వాటంతట అవి గోడ దాటవని నువ్వే అన్నావు."

అన్నది నిజమే కనుక వైదేహి ఊరుకుంది. ఆ రోజు నుంచీ ఇంట్లో వింత కాపలా మొదలైంది. ఆమె బ్యాగుకు తాళం పడింది. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఫ్రిజ్ తలుపు తెరిచి సీసాలు చూసేవాడు శ్రీకంఠం. అన్నం దగ్గర ఇద్దరికీ మాటల్లేవు. అయినా అతను అడక్కుండానే కంచం అంచున నిమ్మకాయ ఊరగాయ పడేది. ఆమె చేయి అలా ముందుకు వచ్చినప్పుడు కూతురి మీద అనుమానం ఒక్క క్షణం తలదించుకునేది.

అశ్వర్థప్పకు చెబుతానన్న మాట మాత్రం చెప్పలేదు. గేటు వైపు వెళ్లే పనులు తగ్గించుకున్నాడు. గోడ అవతల షెడ్డును సున్నంతో, బ్లీచింగ్‌తో కడిగి, తలుపులు తెరిచి ఎండబెట్టారు. మళ్లీ చిన్న పురుగులు వచ్చాయి. మొదటి జ్వరం, రెండోది, మూడోది. గోడ మీంచి వినిపించే మాటలను బట్టి శ్రీకంఠానికి తెలుస్తూనే ఉంది. మాటలన్నీ చావడిలో దొంగ ఉన్నాడన్నట్టు లోగొంతుకలో సాగుతున్నాయి.

నాలుగో జ్వరానికి కూర్చున్నాయని విన్న మర్నాడు పొద్దున, కిటికీ దగ్గర కాఫీ తాగుతున్న శ్రీకంఠం గ్లాసు పక్కన పెట్టేశాడు. గోడకున్న చిన్న దిడ్డి వాకిలి తెరుచుకుని నంజమ్మ లోపలికి వచ్చింది. తలంటుకున్న జుట్టు తువ్వాలులో చుట్టి ఉంది. ముఖాన పసుపు. కనకాంబరం ముందు గొంతుక్కూర్చుని, రెండు చేతులూ జోడించి, నాలుగు వేళ్లు కూడదీసి మెల్లగా మట్టి తీసింది.

"నంజమ్మా!"

ఆమె ఉలిక్కిపడి లేచింది. గుప్పిట మాత్రం విప్పలేదు.

"తప్పయిపోయింది సార్. అడగాల్సింది."

"పోయిన పంటప్పుడు తీసిందీ నువ్వేనా?"

"నేనే. అక్క పోయినకాడ్నించీ నేనే తీసుకుంటాండా." చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "అక్క ఉన్నప్పుడు నాలుగో జ్వరం లేచే ముందురోజు తన చేత్తోనే ఈ మన్ను ఇస్తాండె సార్. పసుపు కలిపి, తమలపాకులో పెట్టి, తలాపు అంకణంలో ఉంచి, దాని మీద మొదటి ఆకు వేసేది. అక్కది చేతివాసి. ఎన్నేండ్లయినా పంట తప్పలేదు. అక్క లేకపోయినా ఈ మన్నంతా ఆ చెయ్యి పెట్టిందే కదా."

"నన్ను అడిగితే ఇవ్వనా?"

"ఎట్ల అడిగేది? మీ ముందర నిలబడి, అక్క లేదు, మీరియ్యండి అనేదా? మీ మనసు నొస్తుందని గమ్మున వచ్చి తీసుకుంటి."

 ఇన్నేళ్ల కాపురంలో ఈ సంగతి శ్రీకంఠానికి తెలీదు. గోడ దగ్గర ఆడవాళ్ల ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ అతను కాలేజీలో పాఠం చెబుతున్న వేళలో జరిగిపోయేవి.

"మన్ను ఇచ్చినందుకు నువ్వేం ఇచ్చేదానివి?" అని అడిగాడు, ఏదో ఒకటి అడగాలని.

"మా కాడ ఏముంది సార్? పురుగులు వేసిన లద్దె, తిని మిగిల్చిన ఆకుపుల్లలు, జ్వరంలో విడిచిన పొరలు. మొక్కలకు బాగుంటాయని అక్కకు ఇస్తాంటి. అదో, ఇప్పుడు కూడా ఆ మూల దిబ్బ మీదే పోస్తాండాము కదా."

శ్రీకంఠం ఆ మూలకు చూశాడు. కొబ్బరి చిప్ప ఇంకా దిబ్బ పక్కనే పడి ఉంది. తాను వేరుపురుగులు ఏరింది అక్కడే. వాటి ఒంటికి అంటుకున్న ఆ పట్టుపురుగుల లద్దె, పొరల పొడిని కడగకుండానే కల్వంలో వేయనిచ్చాడు. అన్నీ మన పెరట్లోవేనా అని కూతురు అడిగితే, మన పెరట్లోవే అన్నాడు. పెరడు తనదే. అందులో ఉన్నది మాత్రం రెండిళ్లది.

రెండో పాఠం చెప్పిన మాస్టారెవరో తెలిసిపోయింది.

అతని ముందు రెండు మాటలున్నాయి. ఈసారికి వద్దులే, వర్జ్యం అని పంపించేయవచ్చు. ఆమె పంట నిలుస్తుంది, తన మొక్కలు నిలుస్తాయి, ఎవరికీ ఏమీ తెలీదు. మరి ఆపై పంటకు? ఆ పై పంటకు? తాను ఊళ్లో లేనప్పుడో, ఒంట్లో బాగాలేనప్పుడో ఆ దిడ్డి మళ్లీ తెరుచుకుంటుంది.

"ఆ మన్ను అక్కడే వదిలెయ్యమ్మా," అన్నాడు. "వదిలి చేతులు కడుక్కో."

"ఏం సార్?"

చెప్పాడు. సీసా సంగతి, వాసన సంగతి, చీలిన పొగ సంగతి. తనకు తెలిసిన తేలిక మాటల్లో చెప్పాడు. నంజమ్మ వింటూ తన గుప్పిట వంకే చూసుకుంది.

"అయితే పోయిన పంటను చంపింది ఈ చెయ్యేనా?"

"కాదు. నా చెయ్యి. పురుగులు ఏరింది నేను. నీ మగడు వచ్చి అడిగినప్పుడు చెప్పకుండా దాచిందీ నేనే."

ఆమె గుప్పిట విప్పింది. మట్టి రాలింది. రాలిన చోట నుంచి ఒకడుగు వెనక్కి వేసి అతని ముఖంలోకి చూసింది.

"అక్క మన్నులో విషం కలిపితిరి కదా సార్," అంది. కోపంగా కూడా అనలేదు. వెనక్కి తిరిగింది.

మాటలు విని బయటికి వచ్చిన వైదేహి దిడ్డి దాకా పరిగెత్తింది. "నంజమ్మత్తా! చేతులూ కాళ్లూ బ్లీచింగ్ నీళ్లలో ముంచాకే షెడ్డులోకి పో. ఆ చీర మరిగే నీళ్లలో వెయ్యి!" అవతలి నుంచి జవాబు రాలేదు. తొట్టిలో నీళ్లు కదిలిన చప్పుడు మాత్రం వినిపించింది. అప్పుడే ఆమె ఊపిరి వదిలింది.

"వాటికి మరిపించలేమా?" అని అడిగాడు శ్రీకంఠం. "నేర్పినట్టే, వద్దని చెప్పలేమా?"

"నేర్పడం వరకే కనిపెట్టాను నాన్నా," అంది వైదేహి. "మరిపించడం కనిపెట్టలేదు."

అక్కడే దిడ్డి గడప మీద కూర్చుని ల్యాబ్‌కు ఫోన్ చేసింది. వానలు పడగానే ఇంటింటికీ పంచాలనుకున్న సీసాలివి. వాళ్ల మేడం ఏమంటుందో శ్రీకంఠానికి వినిపించలేదు, కూతురి మాటలే వినిపించాయి. "లేదు మేడం, తగ్గించడం కాదు, ఆపేయాలి... ఏ పెరట్లో ఎవరు ఏం పోస్తారో మనకు తెలీదు కాబట్టి... అవును మేడం, నా పనే. అందుకే చెబుతున్నాను." ఫోన్ పెట్టేసి, వెళ్లి ల్యాబ్‌లో ఉన్నవన్నీ ఉడకబెట్టి వచ్చింది. వచ్చేసరికి ముఖం జ్వరపడి లేచినట్టుంది. ఆమె చదువు, ఆమె వయసు, అన్నీ ఆ సీసాల్లో పోసినవే.

అప్పటికే శ్రీకంఠం పారతో కనకాంబరాల వరస దగ్గర నిలబడి ఉన్నాడు. మొదటి మొక్క పెకలించడానికి చేయి రాలేదు. వైదేహి వచ్చి పార పక్కన పెట్టి, చేతులతోనే మొదలుపెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ చివరి మొక్క దాకా పీకారు. కాగులో నీళ్లు మరిగించి, బకెట్లతో మోసి పోశారు. ఎరువు దిబ్బకు నిప్పు పెట్టారు. తెల్లటి ప్లాస్టిక్ పట్టా నేలంతా పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టారు. మిట్టమధ్యాహ్నపు ఎండకు పట్టా లోపల ఆవిరి చెమటలా పట్టింది. నేల జ్వరంతో పడుకున్నట్టుంది.

సాయంత్రం శ్రీకంఠం వంటింటి గుమ్మంలో ఆగాడు. వైదేహి ఒక చిన్న డబ్బాను పప్పుల డబ్బాల వెనక దాస్తోంది. అలికిడికి వెనక్కి తిరిగి, ఏమీ లేనట్టు చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

పొద్దుటి నుంచి కరిగిందనుకున్న అనుమానం మళ్లీ లేచి కూర్చుంది. అన్నీ ఉడకబెట్టాననే అంది. తాను కనిపెట్టిందాన్ని మొత్తంగా చంపుకోవడం ఎవరికి సాధ్యం? ఒక్క చుక్క దాచుకుని ఉండదా? ఆమె వరండాలోకి వెళ్లేదాకా ఆగి డబ్బా తీశాడు.  మూత తీస్తే నీళ్లు లేవు, తడి లేదు. అడుగున ఎండిన కాయలు గుప్పెడు. అప్పటికీ నమ్మకం చాలక పంపు తిప్పి ఒక చుక్క నీళ్లు వాటి మీద వేశాడు.

టప్ మని ఒక కాయ పగిలింది. గింజ ఎగిరి అతని చొక్కా గుండీకి తగిలింది. కనకాంబరం కాయలు తడి తగిలితే అలాగే పగులుతాయి. సుభద్ర ఉండగా వానాకాలం పెరట్లో ఆ చప్పుడుకు ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. మొక్కలు పీకేటప్పుడు తాను చూడకుండా కూతురు కొమ్మకొమ్మకూ ఎండుకాయలు కోసి దాచింది. చెప్పకపోవడం ఎందుకో కూడా అర్థమైంది. మొలుస్తాయో లేదో తెలీని ఆశను తండ్రికి చూపించడం ఇష్టంలేక. డబ్బా ఉన్నచోటే పెట్టేసి, ఆ ఒక్క గింజను జేబులో వేసుకున్నాడు.

మర్నాడు తెల్లవారాక గేటు దగ్గర నంజమ్మ.

"మా ఆయప్పకి చెప్తి," అంది ఉపోద్ఘాతం లేకుండా. "మిమ్మల్ని తిట్టె, పాపని తిట్టె, మీ ఇద్దరూ అయినంక నన్ను తిట్టె. తిట్టి తిట్టి, ఆ సార్ నోరు తెరవకుండా ఉండుంటే ఇదీ పోయుండు కదే, అనె. అని పండుకొనె."

"ఇంకా కోపంగా ఉన్నాడా?"

"ఉంటాడు. ఎందుకుండడు?" ఆమె కళ్లు ప్లాస్టిక్ పట్టా మీద పడ్డాయి. వరస ఉన్నచోట ఏమీ లేదు.  "పురుగులు జ్వరం లేచినాయి సార్. ఆకలి మీదుండాయి. మొదటి ఆకు పడల్ల. మన్ను లేదు, అక్క లేదు. మీరొచ్చి వెయ్యండి."

"నేనా? నా చెయ్యి ఎంత మంచిదో పోయిన పంటప్పుడు చూశావు కదమ్మా."

"ఇన్నేండ్లు ఆ చెయ్యి పక్కన ఉన్న చెయ్యి కదా సార్. ఏమన్నా అంటుకొనే ఉంటుంది."

 శ్రీకంఠం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని వెళ్లాడు. షెడ్డు గుమ్మంలో బ్లీచింగ్ నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టాడు, చేతులు ముంచాడు. చాలన్నా తీయకుండా ఉంచాడు. పక్కనే నిలబడ్డ అశ్వర్థప్ప పలకరించలేదు గానీ, తువ్వాలు అందించాడు.

లోపల అరల మీద పురుగులు ముత్యాల రంగులో ఉన్నాయి. కొత్త పొరతో, తలలెత్తి, ఆకు కోసం గాలిలో వెతుకుతున్నాయి. నంజమ్మ తలాపు అంకణం దగ్గర మల్బరీ కొమ్మ అతని చేతికిచ్చింది. శ్రీకంఠం కొమ్మ పట్టుకున్న చేయి పురుగుల పైకి చాచాడు.

చాచి, ఆపాడు.

బొటనవేలి గోరు కింద సన్నటి నల్లటి గీత. నిన్న మొక్కలు పీకినప్పటి మట్టి. స్నానం చేసినా, బ్లీచింగ్ నీళ్లలో అంతసేపు ముంచినా పోలేదు. అందులో ఉన్నవి చచ్చే ఉంటాయి. ఉండకపోనూవచ్చు. ఆ గీత కింద, ఆ పిసరంత తడిలో, పుట్టుకతోనే ఈ వాసన తెలిసినవి ఇప్పుడు ఎటు తల తిప్పి ఉన్నాయో?

అతను కొమ్మను వెనక్కి తీసుకుని నంజమ్మ చేతిలో పెట్టాడు.

"ఏం సార్?"

బొటనవేలు చూపించాడు. ఆమె చూసింది. అశ్వర్థప్ప కూడా మెడ చాచి చూశాడు.  నంజమ్మ కొమ్మ కళ్లకద్దుకుని పురుగుల మీద పరిచింది.

శ్రీకంఠం ఆ చేతిని గుప్పిట బిగించి, వీపు వెనక పెట్టుకుని, గుమ్మం దాటి బయటికి వచ్చాడు. లోపల మొదట ఒకటి, తర్వాత పది, తర్వాత వేలు. ఆకు కొరుకుతున్న చప్పుడు రేకుల మీద సన్నటి వానలా మొదలైంది. అతను వెళ్లిపోలేదు. తలుపు పక్కన గోడకు చెవి ఆనించి, ఆ వాన ఎక్కడైనా తెరిపి ఇస్తుందేమోనని, తలాపు వైపే చెవి పెట్టి వింటూ నిలబడ్డాడు.

లోపలి నుంచి ఎవరో స్టూలు తెచ్చి అతని వెనక వేసిన చప్పుడైంది. తిరిగి చూస్తే అశ్వర్థప్ప.

"కూర్చోండి సార్," అన్నాడు. "నేను కూడా అదే వింటాండా."